నిలబడిన గుడ్డు

గుడ్లు ఉడకబెట్టే ముందు వంటింటి సింకుకి బిరడా పెట్టి, నీళ్ళు నింపి, వాటిని ఒక్కొక్కటే అందులో వదలడం మా ఆవిడకి అలవాటు. అడుగుకి చేరి పక్కకి పడుకుంటే మంచి గుడ్డు. పైకి తేలితే పారెయ్యాల్సిన గుడ్డు. ఈ రెండింటికీ మధ్యరకం ఒకటుంది. అది మునుగుతుంది కానీ పడుకోదు. లావు కొస పైకి పెట్టి అడుగునే నిటారుగా నిలబడుతుంది. మొన్నొక ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్ళే హడావుడిలో ఆవిడ నన్ను పిలిచింది.

"ఏమండీ, ఇదొకటి నిలబడింది. వాసన చూస్తారా, అవతల పడేయనా?"

వంటింటి గుమ్మంలో ఆగి సింకులోకి చూశాను. తెల్లటి స్టీలు అడుగున ఆ గుడ్డు నిలబడి, నీళ్ళు కదిలినప్పుడల్లా కొద్దిగా ఊగుతోంది. దాన్నే చూస్తూ అక్కడే ఉండిపోయాను.

"మీరేంటి అలా అయిపోయారు? ఒక గుడ్డు పోతే పోయింది" అంది ఆవిడ.

పాతికేళ్ళుగా గుడివాడలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్తున్నాను. ప్రతి ఏడూ ఎనిమిదో తరగతి బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో ఉప్పునీళ్ళు పోసి, గుడ్డు మునగడం, తేలడం చూపిస్తాను. పిల్లలు వెనక బెంచీల నుంచి లేచి వచ్చి చూస్తారు. సాంద్రత అంటే ఏమిటో ఆ ఒక్క గుడ్డుతో వాళ్ళకి బోధపడుతుంది. ఆ పాఠం చెప్పిన రోజు నాకు అన్నం సయించదు. ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అయితే ఈసారి కథ నా ఒక్కడి లోపల ఉండిపోయే వీలు లేదు. మా అత్తయ్య మనవరాలు, అంటే మా బావ కూతురు, వ్యవసాయ కళాశాలలో చివరి సంవత్సరం చదువుతోంది. పాతకాలం రైతులు విత్తనాలు ఎలా ఏరుకునేవాళ్ళో రాసి ఒక ప్రాజెక్టు ఇవ్వాలట. నెల క్రితం ఫోన్ చేసింది.

"మావయ్యా, తాతయ్య ఉప్పునీళ్ళ పద్ధతి రాస్తున్నాను. ఆ ఒక్క ఏడు మాత్రం ఎందుకు చెడిందో సైన్సుగా చెప్పవా? నాన్నని అడిగితే లేచి వెళ్ళిపోతున్నాడు."

నేను చెప్పాను. దోసిళ్ళతో కొలిస్తే ఉప్పు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడుతుందని, అందుకే పాత పద్ధతుల్ని పూర్తిగా నమ్మలేమని, గొంతు సవరించుకుని మరీ చెప్పాను. వారం తిరిగేసరికి ఆ అమ్మాయి రాసిన పేజీ ఫోన్‌కి వచ్చింది. 'కొలతలో రైతు చేసిన పొరపాటు వల్ల ఆ ఏడాది విత్తనం దెబ్బతింది' అని ఉంది. ఒకచోట అక్షరం తప్పుగా పడితే దిద్దాను. మిగతా అంతా సరిగ్గా ఉందని జవాబిచ్చాను.

సరిగ్గా లేదు. అసలు ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు దివిసీమలో, సముద్రానికి దగ్గర. మా పేటలో పన్నెండు ఇళ్ళకి కౌలు పొలాలుండేవి. అక్కడ మంచినీళ్ళు ఇసుకలో తవ్విన దొరువులో దొరికేవి. దొరువంటే మనిషి మొలలోతు గుంట, అంతే. ఆ మంచినీళ్ళ కిందంతా ఉప్పునీరే. మా నాన్న చెల్లెలి భర్త, మా మావయ్య, అంటే ఆ అమ్మాయి తాతయ్య, నాకు ఆ సంగతి మొదట చెప్పాడు.

"తీపి నీళ్ళు తేలికరా. ఉప్పు నీళ్ళు బరువు. ఇది దాని మీద తేలి ఉంది. చెంబుతో పైపైన తోడుకుంటే ఊరంతా తాగొచ్చు. ఎండలు ముదిరాయి గదా అని గడ్డపార తీసుకుని ఇంకో మూర తవ్వావనుకో, కిందది పైకొచ్చేస్తుంది."

ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ తడి గడ్డి వాసన, బీడీ వాసన కలిసి వచ్చేవి. చదువు మూడో తరగతి. మా నాన్న బడిపంతులు. ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే మాట్లాడేది మావయ్య, వినేది నాన్న. మేం పిల్లలం దొరువులో కాళ్ళు పెట్టినా, చర్చి దగ్గర గంటకి బదులు వేలాడే రైలుపట్టా ముక్కని వేళకాని వేళ రాయితో కొట్టి పారిపోయినా, పెద్దవాళ్ళు తిట్టేలోపే ఆయన "నేనే కొట్టమన్నాను" అనేసేవాడు. నాకెందుకో అది ఇప్పుడు మరీ గుర్తొస్తుంది.

మృగశిర కార్తె వస్తోందనగా, కాలవలకి నీళ్ళు వదులుతారన్న కబురు రాగానే, పన్నెండు ఇళ్ళవాళ్ళూ విత్తనాలు చర్చి ముందుకి తెచ్చేవాళ్ళు. పెద్ద సిమెంటు గాబుని చింతపండు పిప్పితో తోమి నీళ్ళు నింపేవాళ్ళు. ఇంటింటికీ ఇంతని ఉప్పు వేసుకుని ఒక బస్తా చేసేవాళ్ళు. ఆ ఉప్పు నీళ్ళలో కలపడం మాత్రం మావయ్య చేతుల మీదుగానే జరగాలి. ఆయన చెయ్యి మంచిదని పేటంతటికీ నమ్మకం. దోసిలితో ఉప్పు పోస్తూ, తెడ్డుతో తిప్పుతూ, మధ్యమధ్య ఒక కోడిగుడ్డుని నీళ్ళలో వదిలేవాడు. మొదట అది అడుగున పడుకునేది. ఉప్పు పెరిగేకొద్దీ కదిలేది, లేచేది. చివరికి గుడ్డు పైకి తేలి, నీళ్ళ పైన రూపాయి బిళ్ళంత మేర కనపడితే ఆపేసేవాడు. ఇక విత్తనాలు పోసుకోవచ్చు. లోపల బియ్యం లేని తాలు గింజ, సగం పాలు పోసుకున్న గింజ పైకి తేలిపోతాయి. నిండు గింజ మునుగుతుంది. మునిగిందే విత్తనం. దాన్ని రెండుసార్లు మంచినీళ్ళలో కడిగి, నానబెట్టి, గోనెసంచుల్లో పోసి మండె కట్టి, మొలక రాగానే నారుమడిలో చల్లుతారు. అదే నీళ్ళలో గుడ్డు తేలాలి, గింజ మునగాలి. చిన్నప్పుడు నాకదొక వింతగా ఉండేది.

నేను అయిదో తరగతి పూర్తిచేసిన వేసవి అది. అంతకు ముందు పంటకి, గింజ పాలు పోసుకునే వేళ గాలివాన కొట్టింది. అందరి విత్తనాల్లోనూ సగం గింజ ఎక్కువ. "ఈసారి ఉప్పునీళ్ళే దిక్కు" అని పెద్దవాళ్ళు అరుగుల మీద అనుకోవడం విన్నాను. అంటే ఆ ఏడు గుడ్డు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

ఆ పొద్దున్న అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది. పొయ్యి మీద వంకాయ, ఎండురొయ్యల కూర ఉడుకుతోంది. వాకిటి దాకా ఘాటు.

"ఒరేయ్ నాన్నా, ఇప్పుడే పెట్టింది, ఇంకా వెచ్చగా ఉంది. మీ మావయ్యకిచ్చిరా. దార్లో ఆడుకోకు."

గుడ్డు నిజంగానే వెచ్చగా ఉంది. రెండు చేతుల మధ్య పెట్టుకుని బయల్దేరాను. చర్చి సందు తిరిగేసరికి అవనిగడ్డ నుంచి సైకిలు మీద వచ్చే ఐసు బండి ఆయన హారన్ కొడుతూ ఎదురయ్యాడు. పాత ఇనుముకి, సీసాలకి పుల్ల ఐసు ఇచ్చేవాడు. గుడ్డుకైతే సేమ్యా ఐసు ఇచ్చేవాడు. తెల్లగా, చివర సేమ్యా పోగులు అతుక్కుని ఉండే ఆ ఐసుని నేను అప్పటికి రెండుసార్లే తిన్నాను.

"తాజాదేనా అబ్బాయ్?" అని గుడ్డు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఏ చప్పుడూ లేదు. తలాడించి డబ్బా మూత తీశాడు. ఆ డబ్బాలోంచి వచ్చే చల్లటి పొగ, పాలు కలిసిన వాసన నాకు ఇప్పటికీ జ్ఞాపకమే.

ఐసు సగం తిన్నాక భయం పట్టుకుంది. చర్చి దగ్గర జనం చేరుతున్న మాటలు వినిపిస్తున్నాయి. మా గడ్డివాములో ఒక కోడి ఎవరికీ తెలియకుండా గుడ్లు పెడుతోందని నాకు తెలుసు. వెళ్ళి చెయ్యి దూర్చి ఒకటి తీశాను. వాము లోపల వేడిగా ఉంది. ఆ గుడ్డు అక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియదు. ఐసు బండి ఆయన చేసినట్టే చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల ఏదో అటూ ఇటూ కదిలింది.

ఆ కదలిక నా చెవికి స్పష్టంగా వినపడింది. ఇది నేను ఇన్నేళ్ళలో నాకు నేను కూడా మార్చి చెప్పుకోలేకపోయిన విషయం. గుడ్డు మంచిది కాదని తెలిసే తీసుకెళ్ళాను.

సంఘపెద్ద ప్రార్థన మొదలుపెట్టాడు. అది ఎంతకీ తెమలకపోతే వెనక నుంచి ఒక ముసలమ్మ, "దేవుడికి వినపడింది గానీ, ఇక కానివ్వండయ్యా, ఎండెక్కుతోంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నోట్లో ఇంకా సేమ్యా తీపి ఉంది.

మావయ్య ఉప్పేమీ వెయ్యకముందే గుడ్డుని నీళ్ళలో వదిలాడు. అది మునిగింది. నాకు కాస్త ఊపిరాడింది. అంతలో మెల్లగా తిరిగి, గాబు అడుగున నిటారుగా నిలబడింది.

"ఇదేంటిరా, నిలబడింది?" అన్నాడు మావయ్య, తల వంచి చూస్తూ.

"అత్తయ్య ఇప్పుడే ఇచ్చింది. వెచ్చగా కూడా ఉంది" అన్నాను. అదీ నిజమే. గడ్డివాము వేడికి అది వెచ్చగానే ఉంది.

ఆయన నా మొహం చూశాడు. తర్వాత తల ఊపి, మొదటి దోసిలి ఉప్పు పోశాడు. ఎప్పుడూ నలభై దోసిళ్ళ దాకా పట్టేది. ఆ రోజు పదిహేను దాటేసరికే గుడ్డు పైకి లేచింది. పద్దెనిమిదో దోసిలికి రూపాయి బిళ్ళంత కనపడింది. మావయ్య తెడ్డు ఆపి నిలబడిపోయాడు.

"ఏంటయ్యా ఆలోచిస్తున్నావు? తేలింది గదా" అన్నాడు సంఘపెద్ద.

"ఉప్పు ఇంత తక్కువ పట్టడమేంటని."

"ఈసారిది బందరు ఉప్పు. ఘాటుగా ఉందేమో. కానీ, కానీ. కాలవ నీళ్ళు వచ్చేస్తున్నాయి."

విత్తనాలు పోశారు. ఉప్పు చాలని నీళ్ళు కదా, వట్టి తాలు మాత్రమే తేలింది. సగం గింజంతా నిండు గింజతో కలిసి మునిగిపోయింది. ఆడవాళ్ళు పైన తేలిన తాలు జల్లెడతో తీసేస్తూ సంతోషపడ్డారు. "మనం భయపడ్డాంగానీ, ఈ ఏడు తాలు తక్కువేనే" అంది ఒకామె. మా అమ్మ కూడా నవ్వుతూ తలాడించింది. సగం బస్తా ఉప్పు మిగిలిపోయింది. మిగిలింది కలిపినవాళ్ళకే ఇవ్వడం ఆనవాయితీ. అంతకు ముందు ఏడాదుల్లో మిగిలేది చారెడే గనక ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు మావయ్య సగం బస్తా భుజాన వేసుకుని అందరి ముందు నుంచే ఇంటికి నడిచాడు.

ఆ తర్వాత రోజులు నేను ఎలా గడిపానో చెప్పడం కష్టం. తాటిముంజెలు తినే రోజులు. తోటి పిల్లలు తాటాకు గాలిపంకాలు చేసుకుని గట్ల వెంట పరిగెత్తుతుంటే, నేను మా మండె దగ్గర తిరిగేవాణ్ణి. గోనెసంచుల మీద గడ్డి కప్పి, పైన రాళ్ళు పెట్టి ఉంచారు. విప్పిన రోజు మంచి మొలక వాసన, పచ్చిగా, తియ్యగా వస్తుంది. ఆ రోజు అందులో పులుపు కలిసింది. నాన్న గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూశాడు. కొన్నిటికి తెల్లటి మొలక. కొన్నిటికి సూదిమొనంత. కొన్నిటికి ఏమీ లేదు.

"వస్తాయిలే" అన్నాడు నాన్న, ఎవరితోనో తెలియకుండా.

నారుమడి మచ్చలు మచ్చలుగా లేచింది. రోజూ పొద్దున్నే చద్దన్నం కూడా తినకుండా వెళ్ళి చూసేవాణ్ణి. నిన్నటి ఖాళీ ఇవాళ పూడి ఉంటుందేమోనని ఆశ. పూడలేదు. ఉన్న మొక్కలు కూడా పసుపు రంగుకి తిరిగాయి. మా మడి ఒక్కటే కాదు, పన్నెండు ఇళ్ళవాళ్ళ మళ్ళూ అంతే. పక్కన వేరే గాబులో ఉప్పునీళ్ళు కలుపుకున్న వాళ్ళ మడి మాత్రం పచ్చగా, దట్టంగా ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది, తేడా ఆ గాబు దగ్గరే వచ్చిందని.

ఒకరోజు గట్టు మీద మావయ్య ఒక్కడే గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెప్పేద్దామని దగ్గరికి వెళ్ళాను. నా నీడ చూసి తలెత్తాడు.

"ఏరా, బడి తెరిచారా?"

"సోమవారం."

"బాగా చదువుకో. నాకు చదువుంటే ఇది ఎందుకయ్యిందో తెలిసుండేది" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఎవరినీ వెళ్ళొద్దన్నారు. పిల్లలం ముందు చాపల మీద ఉన్నాం. ఎవరూ గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నీ ఇంట్లో ఉప్పు ఎంత ఉంది?" అని అడిగాడు సంఘపెద్ద.

"అర బస్తా. మీ ముందే తీసుకెళ్ళాను గదండీ."

"ఏ ఏడన్నా అర బస్తా మిగిలిందా?"

"గుడ్డు తేలింది. మీరందరూ చూశారు."

"తేలిందో, తేల్చావో నీకే తెలియాలి" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మావయ్య చాపల వైపు తిరిగాడు. "గుడ్డు తెచ్చింది వీడు. ఒరేయ్, నువ్వు చెప్పు. మీ అత్తయ్య నీ చేతికిచ్చిన గుడ్డేనా అది?"

చర్చి మొత్తం నా వైపు చూసింది. నాన్న చూశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అత్తయ్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చూసింది. ఆ ఒక్క ప్రశ్నలో ఆయన బయటపడే దారి ఉంది. ఆ దారి నా నోట్లో ఉంది.

"అవునండీ" అన్నాను.

ఎప్పుడూ మావయ్యని అండీ అనని వాణ్ణి ఆ రోజు అన్నాను. ఆయన మెల్లగా తలాడించి కూర్చున్నాడు. ఇక ఆ తర్వాత ఆయన తన తరఫున ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

సాయంత్రం ఆ ఉప్పు సంచి మోసుకొచ్చి చర్చి మెట్టు మీద పెట్టాడు. ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళమన్నాడు. ఎవరూ తీసుకెళ్ళలేదు. నాలుగు రోజులకి వానలు పట్టాయి. గోనె కింద నుంచి ఉప్పు కరిగి, మెట్టు మీదుగా, వాకిట్లోకి కారింది. వాన వెలిసినప్పుడల్లా మెట్టు మీద తెల్లటి చార ఎండి మెరిసేది. ఆ చార దాటి లోపలికి వెళ్ళడానికి నేను ఎగిరి దూకేవాణ్ణి. తొక్కడానికి భయం.

పేటవాళ్ళు మొవ్వ వైపు నుంచి మిగులు నారు బతిమాలి బండ్ల మీద తెచ్చుకున్నారు. ఊడ్పులు ఆలస్యమయ్యాయి, పంట సగానికి సగం పోయింది. మరుసటి ఏడు ఉప్పు కలపడానికి వేరే మనిషిని పిలిచారు. మావయ్యకి 'ఉప్పాయన' అని పేరొచ్చింది. ఎవరూ మొహాన అనేవాళ్ళు కాదు, కానీ ఆయన వింటుండగా అనేవాళ్ళు. ఆ ఏడే ఒక ట్రంకుపెట్టె, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు ఉన్న బుట్ట పట్టుకుని అత్తయ్యనీ బావనీ తీసుకుని బస్సెక్కాడు. బందరు పక్కన గిలకలదిండిలో పడవలకి ఐసు మోసే పని దొరికిందన్నారు. జీవితమంతా మట్టిలో పనిచేసిన మనిషి ఇరవై ఏళ్ళ పైన ఐసు గడ్డలు మోశాడు. నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా రుమాల్లో చుట్టి చిన్న ఐసు ముక్క తెచ్చిచ్చేవాడు. నేను తినేవాణ్ణి కాదు. చేతిలో కరిగిపోయేది. వీడికి ఐసంటే పడదనుకునేవాడు.

ఆయన పోయి మూడేళ్ళయింది. పెట్టెని నేల్లోకి దించుతున్నప్పుడు కూడా నోరు తెరవలేకపోయాను.

సింకులో గుడ్డు నిలబడిన ఆదివారం తర్వాత వారం రోజులు నాకు నిద్ర లేదు. ఇవాళ శనివారం, పొద్దున్నే గుడివాడలో రైలెక్కి బందరులో దిగి, ఆటోలో గిలకలదిండి వెళ్ళాను. రేవులో డీజిలు వాసన, చేపల వాసన, ఐసుని పొడి చేసే యంత్రం మోత. బావ తన ఐసు షెడ్డులోంచి చేతులు గోనెకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటి బావా, చెప్పాపెట్టకుండా? పిల్లకి సోమవారం ఆ ప్రాజెక్టు ఇచ్చేయాలంట, నువ్వు బాగుందన్నావని గెంతుతోంది."

ఇంట్లో అత్తయ్య చేట ముందు కూర్చుని ఎండురొయ్యలు ఏరుతోంది. పక్కన మంచం మీద మనవరాలు కాగితాలు సర్దుకుంటోంది. మంచినీళ్ళు తాగాను. గ్లాసు కింద పెట్టాను. పెట్టిన వెంటనే చెప్పడం మొదలుపెట్టాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి. ఐసు, గడ్డివాము, ఊపిన గుడ్డు, గాబు, చర్చిలో నేను చెప్పిన మాట, అన్నీ చెప్పాను. నెల క్రితం ఫోన్‌లో చెప్పింది కూడా అబద్ధమని చెప్పాను.

బావ చాలాసేపు గోడ వైపు చూశాడు.

"సేమ్యా ఐసు" అన్నాడు. తర్వాత, "మన ఊరివాళ్ళు ఇప్పటికీ నా షెడ్డుకొస్తే ఉప్పాయన కొడుకువా అంటారు. అందుకే ఈ పిల్లకి నేను ఆ సంగతులు చెప్పను" అన్నాడు. లేచి బయటికి వెళ్ళాడు. యంత్రం మోత ఆగింది. బావే ఆపినట్టున్నాడు.

అత్తయ్య చేతిలో రొయ్య అలాగే ఉంది. నన్ను తిట్టలేదు. వేరే ఎవరి గురించో అన్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"ఇక్కడికొచ్చాక కూడా ఆయన మానలేదురా. విత్తనాలు లేవు, పొలం లేదు. అయినా మృగశిర వస్తే ఒక బక్కెట్టు నీళ్ళు, ఉప్పు, గుడ్డు తెచ్చుకుని పెరట్లో కూర్చునేవాడు. పిడికెడు వెయ్యడం, గుడ్డు వదలడం. పిడికెడు వెయ్యడం, వదలడం. ఏ ఏడైనా ఇరవై నాలుగు పిడికిళ్ళకి తక్కువైతే తేలేది కాదు. ఆ రోజు సగం ఉప్పుకే ఎలా తేలిందే అని నన్నడిగేవాడు. బందరు ఉప్పు తెచ్చి చూశాడు. దొరువు నీళ్ళు సీసాలో తెప్పించి చూశాడు. నాకేం తెలుసు, నేనేం చెప్తాను?"

మనవరాలు కాగితాలు పక్కన పెట్టేసింది. "పాత గుడ్డు వేసి చూడలేదా మామ్మా? ఒక్కసారన్నా?"

"ఎందుకు వేస్తాడమ్మా? దానికోసమే కోడిని పెంచాడు. పెట్టిన గుడ్డు పెట్టినట్టు వెచ్చగా ఉండగానే తెచ్చేవాడు. అన్నిటినీ అనుమానించాడు గానీ, గుడ్డుని అనుమానించలేదు. ఆ రోజు గుడ్డు నేనిచ్చాను కదా."

నేను తల వంచుకుని చేటలోని రొయ్యల వంక చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి ఆ అమ్మాయి కలం తీసి, నేను బాగుందన్న ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. కింద ఏం రాయాలో నన్ను అడగలేదు.

నేను బయల్దేరుతుంటే అత్తయ్య గుమ్మం దాకా వచ్చింది. నా భుజం పట్టుకోవడానికి చెయ్యి ఎత్తి, మధ్యలో ఆపి, గుమ్మం పట్టుకుంది.

"నాకు చెప్తే నాకొక్కదానికే తెలుస్తుందిరా. అడిగింది అక్కడ. అక్కడ చెప్పు."

రేపు ఆదివారం. పొద్దున్నే దివిసీమ బస్సెక్కుతాను. పన్నెండు ఇళ్ళలో ఇప్పుడు ఐదిళ్ళవాళ్ళే ఉన్నారట. సంఘపెద్ద లేడు. చర్చి మెట్లకి కొత్తగా పలకలు వేశారట, ఉప్పు చార ఎక్కడుండేదో కూడా తెలియదు. ఆరాధన అయ్యాక అందరినీ ఒక్క నిమిషం కూర్చోమని అడుగుతాను. పదేళ్ళ వయసులో కూర్చున్న చోటే, ముందు వరసలో నిలబడతాను. నోరు పెగలకపోతే చదవడానికి ఈ కాగితాలు జేబులో ఉంటాయి.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, పొలాల్లో నారుమళ్ళు కనిపించినా, నాకు కనపడేది మాత్రం గిలకలదిండి పెరడే అని తెలుసు. అక్కడ పొడుగాటి మనిషి ఒకడు బక్కెట్టు ముందు గొంతుక్కూర్చుని ఉంటాడు. వెచ్చటి గుడ్డుని నీళ్ళలో వదులుతాడు. అది అడుగుకి వెళ్ళి పక్కకి పడుకుంటుంది. ఆయన ఇంకో పిడికెడు ఉప్పు వేసి, తెడ్డు తిప్పి, తన తప్పు ఎక్కడుందో వెతుక్కుంటాడు.